అవ్వ తూకం

పిట్టా,

నా మెడలోని లింఫోమా గడ్డకు మీ బాపు గుణమే వచ్చింది. కేన్సరే అయినా నిమ్మళంగా పెరుగుతుంది. అందుకే అజ్రా డాక్టరమ్మ మొదట్లో, "ముదిరితేనే మందు, అప్పటిదాంక చూసుకుంట ఉందాం" అన్నది.

నిన్న కరీంనగర్ పోతే, జమ్మికుంట మార్కెట్‌లో పత్తిని తూచినట్టు నన్ను తూచి కనుబొమ్మలు ముడిచింది.

"అవ్వా, గడ్డ అంతే ఉన్నది. గని మనిషివి బాగ తగ్గినవ్. గిట్ల చిక్కుతే ఇగ మందు మొదలుపెట్టాలె."

మీ బాపు అప్పుడే తలూపాడు. డాక్టరు తుమ్మినా తలూపే మనిషి.

"చెట్టు వాడితే పురుగేనా డాక్టరమ్మా? నీళ్లు లేక వాడదా?" అన్నాను.

"అంటే, తింటలేవా?"

"బిడ్డ సచ్చిపోయినంక ముద్ద దిగుతలేదు."

మీ బాపు నోరు తెరిచాడు. ఆయనకూ చెప్పలేదు మరి. ఇన్నాళ్లూ నా కంచంలోది బర్రెకు పెట్టాను. అది మాత్రం బాగా బలిసింది.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సరే, నెల చూద్దాం. మంచిగ తిను. అయినా తగ్గితే మందే. మళ్ల నాతోని కొట్లాడొద్దు."

ఈరోజు పెత్రమాస, పెద్దల అమావాస్య. నీకిష్టమని సర్వపిండి చేశాను. పోయినవాళ్లకు పెట్టకముందే తినొద్దని మీ బాపు అరుస్తున్నా సగం నేనే తినేశాను. మిగతా సగం కాకి ముట్టాలని గోడ మీద పెట్టాను.

మొహమాటపడకు బిడ్డా, కడుపునిండా తిను.