మొండో ఏటి ఒడ్డున

"మొండో ఏట్లోనే దొరా! జపానువాళ్లు పడవలన్నిటినీ కొమ్మలు కప్పి దాచారు. పొద్దుగూకితే సైనికులతో బయల్దేరతాయి," అన్నాడు కేరా, కొండెక్కిన ఆయాసంతో.

లారిమర్ వెంటనే రేడియోలో కబురు పంపాడు. బాంబులేసే విమానాలు బయల్దేరాయని జవాబొచ్చింది.

యుద్ధానికి ముందు లారిమర్ ఈ సాలమన్ దీవిలోనే కొబ్బరితోట చూసుకునేవాడు. ఇప్పుడు కొండమీద దాక్కుని శత్రువుల కదలికలు కనిపెట్టి చెప్పడం అతని పని. కిందికి దిగి చూసొచ్చేది మాత్రం కేరాయే.

"మొండో మీ ఊరే కదరా? జనమంతా ఏమయ్యారు?"

"అడవిలోకి పోయారు. అమ్మ తప్ప. తను నడవలేదుగా. మా గుడిసె ఏటి ఒడ్డునే."

"తీసుకురాలేకపోయావా?"

"మోసుకొద్దామనే దిగాను దొరా. గుమ్మంలోనే కాపలా పెట్టారు."

"ఈ మాట ముందే చెప్పొద్దట్రా!"

"చెబితే కబురు పంపేవారా?"

లారిమర్ రేడియో ముందు కూలబడి, ఆగమని, వెనక్కి తిరగమని గొంతు పోయేలా అరిచాడు. గరగర తప్ప ఎవరూ పలకలేదు.

"వదిలేయండి దొరా. ఆ పడవలు అవతలి దీవి చేరితే ఎందరు తల్లులు ఏడవాలో."

అంతలో సముద్రం మీదుగా విమానాల హోరు వినబడింది. కేరా కొండ అంచుకు వెళ్లి నిలబడ్డాడు. లారిమర్ అతని భుజం పట్టి వెనక్కి తిప్పబోయాడు.

"చూడకురా."

"చూడనివ్వండి దొరా. అక్కడ అమ్మ ఒక్కతే ఉంది."