పెరుగు రాయబారం

నవాబు మున్షీ, కొలత గొలుసు ఒక కొసను దేవిడీ భవనం గోడ దగ్గర పట్టించి, రెండో కొసను గుండయ్య బర్రెల కొట్టం దాకా లాగించాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. గుండయ్య కనబడగానే సలాం చేసి వెళ్లిపోయాడు.

"ఎన్నడు లేని సలాం. అయిపోయింది మన పని," అన్నాడు గుండయ్య.

"ఏమైంది?" నాగమణమ్మ పాలు పిండుతూనే అడిగింది.

"నవాబు కొత్త మోటరు కొన్నడు. దాన్ని పెట్ట జాగ కావాలె. మన కొట్టం కొలిచిపోయిండు."

కిషన్‌బాగ్‌లో ఆ దేవిడీ పక్కనే, తాత నాటి నుంచి గుండయ్య పాడి నడుస్తోంది. ఎనిమిది బర్రెలు, రెండు అర్రలు. జాగ తమదని చూపడానికి చేతిలో కాగితం ముక్క లేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడిగింది లేదు.

గుండయ్య మూలనున్న కర్ర అందుకున్నాడు.

"ఆడ వెట్టు దాన్ని. దేవిడీల పహరా కాసే అరబ్బులు పది మంది. నీకు మోకాళ్ల నొప్పులు."

"మరి ఊకుందామా? హోటల్ల పేపర్ చదివిండ్రు. విలాయతుల పెద్ద రాజ్యమొకటి పక్కనున్న చిన్న రాజ్యాన్ని నాలుగు దినాల్ల మింగిందట."

"ఆ చిన్న రాజ్యపోళ్లు పెరుగు పంపలేదేమో," అంది నాగమణమ్మ.

మరునాడు ఇత్తడి గిన్నెలో గడ్డ పెరుగు పట్టుకొని, పైన తెల్లబట్ట కప్పి, దేవిడీలో ఆడవాళ్లుండే జనానా గుమ్మం దాకా తానే వెళ్లి ఇచ్చి వచ్చింది. సాయంత్రానికి గిన్నె తిరిగొచ్చింది, నిండా ఖర్జూరాలతో. పక్కింటి గిన్నెను ఖాళీగా పంపడం ఆ రెండిళ్లలోనూ లేదు. ఇక ఆ గిన్నెకు తీరిక లేకపోయింది. పెరుగు పోతే బాదంపప్పు వచ్చింది. జున్ను పోతే లాడ్ బజార్ గాజులొచ్చాయి, సరిగ్గా నాగమణమ్మ చేతి కొలతవి. చూడిబర్రె కుంటుతోందని తెలిసి దేవిడీ గుర్రాల వైద్యుడు పిలవకుండానే వచ్చాడు.

"కోసే మేకను గిట్లనే మేపుతరు," అన్నాడు గుండయ్య.

"నోట్లున్న ఖర్జూరం మింగినంక చెప్పు."

గుమ్మం దగ్గర ఇచ్చి వచ్చేది కాస్తా లోపలికి పోయి కూర్చోవడం మొదలైంది. నవాబు భార్య బేగం మజ్జిగ చిలకడం నేర్చుకుంటానంది. కవ్వం తిప్పి తిప్పి పట్టుచీర నిండా చిందించుకుంది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తెలుగు మాటలు కూడా ఆమెకు నాగమణమ్మ దగ్గరే పట్టుబడ్డాయి. ఒక్కోరోజు తానెందుకొచ్చిందో నాగమణమ్మకే గుర్తుండేది కాదు.

ఆరు నెలలకు మున్షీ మళ్లీ గొలుసు పట్టుకొచ్చాడు.

గుండయ్య కర్ర వైపు కూడా చూడలేదు. బర్రె వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసి నాగమణమ్మ ఆగలేకపోయింది. వట్టి చేతులతోనే దేవిడీకి వెళ్లింది.

"బేగం సాబ్, నాకు తిప్పి మాట్లాడుడు రాదు. కొట్టం తీసుకోండ్రి. బర్రెలు నిలవడనీకి సగమన్న ఇడిచిపెట్టుండ్రి. మొదట్ల భయానికే పెరుగు తెచ్చిన. తర్వాత ఆ భయం యాది మరిచిన. గంతే."

బేగం చేతిలోని తమలపాకును తిరిగి పాన్‌దాన్‌లో పెట్టేసింది.

"నేను గూడ భయానికే గిన్నె నింపిన, నాగమణీ."

"మీకేం భయం, బేగం సాబ్?"

బేగం ఆ గది నాలుగు గోడలనూ ఒకసారి చూసింది.

"మా మామ పెట్టెల ఈ జాగల పాత కాగితం దొరికింది. నాకు నమ్మబుద్ధి గాలే. అందుకే రెండుసార్లు కొలిపించిన."

నాగమణమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఈ దేవిడీ సగం మీ జాగల ఉన్నది."