జెలీ గారి పుట్టుమచ్చ

"పుట్టుమచ్చ ఈ బుగ్గకెప్పుడు కాపురం మార్చిందయ్యా?" అంది ఓర్తాన్స్.

ఆమె మొగుడు బాసిల్ చేతిలో కాగితాన్ని వెలుగుకేసి తిప్పాడు. రాతి మీద బొమ్మ గీసి, సిరా పూసి తీసిన మొదటి అచ్చు అది. రాతి మీద ఎడమవైపు గీసింది కాగితం మీద కుడివైపు పడుతుంది. అందుకే పారిస్‌లో ఈ పని చేసేవాళ్లు ముఖాన్ని తారుమారు చేసి గీస్తారు. ఇరవై ఏళ్లుగా బాసిల్ కూడా అలాగే గీశాడు. మొన్న జెలీ గారు ఎదురుగా కూర్చుని నవ్వేసరికి మతి పోయి, చూసింది చూసినట్టే రాయి మీద దించేశాడు.

"పని ధ్యాసలో ఉండి..." అని నసిగాడు.

"ధ్యాస ఎక్కడుందో కనిపిస్తూనే ఉందిలే. పుట్టుమచ్చ అటే పోయింది, పాపిడి అటే పోయింది, ఆ వంకర కనుబొమ కూడా మూటాముల్లె సర్దుకుని వాటి వెంటే పోయింది."

బాసిల్‌కు ఏడుపొచ్చింది. జెలీ గారు నాటకశాలలో రాణి వేషాలకు పెట్టింది పేరు. ఇప్పటికే ఇద్దరు చిత్రకారుల అచ్చులు 'ఇది నా ముఖం కాదు' అని పరపరా చింపేసింది. గురువారం కొత్త నాటకం. ఆవిడ మెచ్చి సంతకం పెడితే ఈ బొమ్మ ఊరంతా అమ్ముడుపోతుంది. కాదంటే కొట్టు మూసేసి మామగారి ఊళ్లో పందులు మేపుకోవడమే.

"మళ్లీ గీసెయ్," అంది ఓర్తాన్స్.

"రాయి అరగదీసి మళ్లీ గీయాలంటే వారం పడుతుంది. ఆవిడ ఇప్పుడే వస్తోంది."

"పోనీ దీపం ఆర్పేద్దామా?"

"పట్టపగలే."

మెట్ల మీద పట్టుగౌను గరగరలాడింది. జెలీ గారు వస్తూనే కాగితం లాక్కుంది.

"అమ్మగారూ, చిన్న పొరపాటు..."

"నువ్వు నోర్మూసుకో."

ఆవిడ చూస్తూ నిలబడిపోయింది. ఓర్తాన్స్ ఆవిడ చేతికి అందకుండా బల్ల మీది కత్తెర మెల్లగా తీసి గౌను మడతల చాటున దాచింది. జెలీ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ గుడ్డివెధవలిద్దరూ ఎవత్తెనో గీసి నేనేనన్నారు. మా అమ్మ కూడా 'అచ్చం నువ్వేనే' అంది. నన్ను పిచ్చిదాన్ని చేశారు. ఇదిగో, ఇదయ్యా నేనంటే. నేనెరిగిన ముఖం ఇది."

గబగబా సంతకం పెట్టి, బాసిల్ బుగ్గ మీద ముద్దు కూడా పెట్టి వెళ్లిపోయింది.

ఓర్తాన్స్ ఆ ముద్దును గుడ్డతో తుడిచింది. "వాళ్లిద్దరూ ఎలా గీశారేమిటి?"

"నేను చూశాను. అచ్చు గుద్దినట్టు గీశారు. పుట్టుమచ్చ పుట్టిన చోటే ఉంది."

"మరి నీ తప్పు ఎలా ఒప్పయింది?"

బాసిల్ చాలాసేపు బుర్ర గోక్కుని, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

ఆవిడ తనను తాను ఎప్పుడూ అద్దంలోనే చూసుకుంది.