టేకాకు తెరచాప

చెరువుకు ఇవతలి గట్టున గింజ మిగల్లేదు. అవతలి గట్టున ఉలవచేను విరగకాసింది. తవుడమ్మ అనే ఎలుకకు ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ డొక్కలు ఎండిపోయాయి.

"నా వీపు మీద దాటిస్తాను. కానీ బతికినన్నాళ్ళూ మీరంతా నా ఈకలు దువ్వాలి" అంది చెరువులోని బాతు.

"మా పడవలో మేమే పోతాం" అంది తవుడమ్మ.

అరటి దొప్ప పడవైంది. పుల్లకు గుచ్చిన టేకాకు తెరచాప అయింది. ఎక్కారో లేదో, గాలి కొట్టింది. గాలి కొడితే ఎలుకలు ఏం చేస్తాయి? వీపు తిప్పి, చాటుకు చేరి, ఒకదాన్నొకటి వాటేసుకుంటాయి. వీళ్ళూ అదే చేశారు. గాలి తోసే వైపుకే బరువంతా చేరి, పడవ బోల్తాపడింది.

"ఎలుకలకు పడవ షికారట!" అని బాతు పడీ పడీ నవ్వింది. "ఇప్పటికైనా నా వీపెక్కవే తవుడమ్మా."

"ఎక్కేద్దామే అమ్మా" అంది పెద్దపిల్ల ఉలవి, గట్టున వణుకుతూ.

తవుడమ్మ తోక పిండుకుంటూ, పడవ ఎటు ఒరిగిందో గుర్తుచేసుకుంది.

"మళ్ళీ ఎక్కండర్రా. భయమేస్తే వాటేసుకోండి, ఎవరొద్దన్నారు? చాటుకు మాత్రం పోకండి. గాలి ఎటునుంచి వస్తే అటే కూర్చోండి."

"మొహాన కొడుతుందే!"

"కొట్టనీ."

గాలి మళ్ళీ లేచింది. నలుగురూ దానికి ఎదురుగా, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒకే ముద్దగా కూర్చున్నారు. పడవ ఒరగబోయి, నిలదొక్కుకుని, సర్రున సాగింది.

బాతు రొప్పుతూ వెంట ఈదింది. "ఆగండే! పోనీ, ఒక్క పిల్లే దువ్వినా చాలు!"

"నీ ఈకలు నువ్వే దువ్వుకో పెద్దమ్మా!" అంది అందరికన్నా చిన్నది నూక, కళ్ళు తెరవకుండానే.