వెనక్కి నడిచిన చుక్క

కొట్టు మధ్యలో తెర కట్టిన రోజు, పెద్ద కత్తెర ఎవరి వాటాకి రావాలన్న తగవొచ్చింది.

ఉన్నది ఒక్క కత్తెర. దర్జీలు ఇద్దరు. అన్నదమ్ములు.

ఆస్తి గొడవైతే పెద్దమనుషులు తేల్చేవారు. వీళ్ళ గొడవ భూమి గురించి. ఎకరం, అరెకరం కాదు, మొత్తం భూమి.

బల్లపరుపుగా ఉందని అన్న. గుండ్రంగా ఉందని తమ్ముడు.

"భూమంటే నీ ఇస్త్రీ బల్ల అనుకున్నావా అన్నయ్యా?" అని తమ్ముడు కస్టమర్ల ముందు పగలబడి నవ్వాడు.

అన్న నవ్వలేదు. మర్నాడే తెర కట్టాడు. ఆ సంగతి గొప్పగా ఫోన్లో మాస్టారికి రాసుకున్నాడు కూడా.

మాస్టారంటే వీడియోల్లో వినిపించే ఒక గొంతు. మొహం చూపించడు. పళ్ళెంలాంటి భూమి బొమ్మ ఒకటి పెట్టి మాట్లాడతాడు. గంట కొట్టినట్టుండే ఆ గొంతు వింటూ అన్న పొద్దస్తమానం చొక్కాలు కుట్టేవాడు.

"భూమి ఎలా ఉంటే మనకేంటండీ? ఎలా ఉన్నా వంట నాకు తప్పదుగా," అనేది అతని భార్య. "మరిదితో ఒక్క మాట మాట్లాడండి."

"ముందు వాణ్ణి తప్పొప్పుకోమను."

ఆమె ఇద్దరికీ చెప్పి చూసింది. ఇద్దరూ వినలేదు. ఇంకేం చెయ్యాలో తోచక, తెర కిందనుంచి కత్తెర అటూ ఇటూ అందిస్తూ ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో మెడకి మఫ్లర్ చుట్టుకున్న ఒకాయన ప్యాంటు పట్టుకుని వచ్చాడు.

"నడుం దగ్గర బిగించాలి," అన్నాడు. గొంతు రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. అన్న ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

కొలత తీస్తుంటే ఆయన అడిగాడు. "ఈ తెరేంటి?"

అన్న చెప్పాడు. ఈయన కూడా నవ్వుతాడనుకున్నాడు.

ఆయన నవ్వలేదు, వాదించలేదు. "కొట్టు కట్టేసే వేళకి తూర్పున ఒక ఎర్ర చుక్క కనిపిస్తుంది. కుజుడు. దాని పక్కన ఏ నక్షత్రాలున్నాయో గుర్తు పెట్టుకోండి. వారానికోసారి చూడండి."

"చూస్తే?"

"నా మాట నమ్మకండి. మీ కళ్ళనే నమ్మండి."

"అరె, మా మాస్టారు కూడా అచ్చం ఇదే మాటంటారు!"

ఆయన తల దించుకుని మఫ్లర్ సర్దుకున్నాడు.

అన్నకి పంతం వచ్చింది. నల్ల గుడ్డ ముక్క మీద సుద్దతో నక్షత్రాలు పెట్టాడు. వారం వారం చుక్క ఉన్నచోట ఎర్ర దారంతో ఒక కుట్టు వేశాడు.

ఆయన మళ్ళీ వచ్చాడు. అదే ప్యాంటు.

"ఇంకాస్త బిగించాలి."

మనిషి కరిగిపోతున్నాడని టేపు పట్టిన చేతికి తెలుస్తూనే ఉంది. అన్న సుద్దతో ఇంకో అంగుళం లోపలికి గీత గీశాడు.

గుడ్డ మీద కుట్లు ముందుకి వెళ్ళాయి. దగ్గర దగ్గరగా పడ్డాయి. ఒకచోట ఆగాయి. ఆ తర్వాత వెనక్కి తిరిగాయి.

ఆయన మూడోసారి వచ్చినప్పుడు అన్న ఆ గుడ్డ బల్ల మీద పరిచాడు. "మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇదొక్కటే వెనక్కెందుకు పోతోంది?"

"అది పోవట్లేదు. మనమే దాన్ని దాటిపోతున్నాం. మన బస్సు పక్క బస్సుని దాటేటప్పుడు అది వెనక్కి జారినట్టుండదూ? భూమి కూడా దానిలాంటి బంతే. సూర్యుడి చుట్టూ పరిగెడుతోంది. కదలకుండా పరిచిన పళ్ళెం కాదు." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "పూర్తిగా దాటనివ్వండి. మళ్ళీ ముందుకే నడుస్తుంది."

తెర అవతల మిషను చప్పుడు ఆగిపోయింది.

అన్నకి ఒళ్ళు మండింది. "నిన్ను వాడే పంపాడు కదూ?"

ఆయన ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి. ఈసారి గాలి కూడా రాలేదు.

"నడువు బయటికి!"

ప్యాంటు కొట్లోనే ఉండిపోయింది.

అన్న ఆయన్ని పంపేశాడు గానీ కుట్లు మానలేకపోయాడు. చుక్క వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. ఒక వారం ఆగింది. పై వారం ముందుకి నడిచింది, ఆయన చెప్పినట్టే.

అన్న ఆ గుడ్డ వంక చాలాసేపు చూశాడు. చెవిలో మాస్టారి గొంతు ఇంకా పళ్ళెం గురించే చెబుతోంది. దాన్ని ఆపేసి, లేచి తెర పీకేశాడు.

తమ్ముడు తలెత్తాడు.

"కత్తెర ఇటివ్వరా," అన్నాడు అన్న.

తమ్ముడు కత్తెర ఇచ్చాడు. వెంటనే చెయ్యి వదల్లేదు.

సాయంత్రం ఇద్దరూ కలిసి ప్యాంటు తీసుకుని, కొలతల పుస్తకంలో ఆయన రాయించిన వీధి వెతుక్కుంటూ వెళ్ళారు. ఆయన అక్క తలుపు తీసింది.

"ప్యాంటా? వాడు పోయి నెల కావస్తోందండీ."

అన్న చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "తప్పైపోయిందని చెబుదామని వచ్చానమ్మా."

"వాడిదీ అదే గోలండీ. గొంతులో జబ్బు చేసి కోశారు. తను చెప్పిందంతా తప్పని తెలిసేసరికి, చెప్పడానికి గొంతు లేదు. గుసగుసగానే ఒక వీడియో పెడితే, నువ్వు ఆయన కాదు పొమ్మని తిట్టిపోశారు. పాతవేమో తీసేసినా ఆగట్లేదు, జనం దాచుకుని మరీ పంచుతున్నారు. ఏం చెయ్యగలడు?"

ఆమె అన్నదమ్ములిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"దర్జీలంటే మీరేనా? 'మీ మాట విన్నాకే మా తమ్ముడికీ నాకూ మధ్య తెర కట్టేశాను మాస్టారూ' అని మీరు కొట్టు పేరుతో సహా రాసింది చదివి, ఆ ప్యాంటు చంకలో పెట్టుకుని మీ దగ్గరికి బయల్దేరాడండి మా తమ్ముడు."