అసలు ఫైళ్ల మీదే

మ్యాపుల ఆఫీసులో అతనొక్కడే మిగిలాడు. ఊళ్లో అనుమతి లేని ఇళ్లన్నీ తెల్లారేసరికి మ్యాపులోంచి తీసెయ్యమని పై అధికారి హుకుం. వీధికో ఫైలు. ఒక్కొక్కటీ తెరిచే ఓపిక లేక అతను ఆ పని దానంతటదే చేసే స్క్రిప్టు ఒకటి కంప్యూటర్లో రాసి వదిలాడు. అది వరసపెట్టి ఇళ్లను మింగుకుంటూ పోతోంది. కాపీలు తీసిపెట్టడం టైము దండగని, మార్పులు అసలు ఫైళ్ల మీదే రాసెయ్యమని దానికి చెప్పాడు.

"పీడా పోయింది," అంటూ ఒళ్లు విరుచుకున్నాడు.

ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, మన ఇల్లు కనిపించట్లేదు."

"వేరే వీధిలోకి వెళ్లుంటావ్. కళ్లు పెట్టుకుని చూడు."

"మన వీధే. పాలకని ఇలా వెళ్లి అలా వచ్చా. టైలరు గారిల్లూ టీచరు గారిల్లూ ఆనుకుని ఉన్నాయి. మధ్యలో మనది లేదు."

అతనికి అప్పుడు తట్టింది. సాయంత్రం స్క్రిప్టును పరీక్షించడానికి తన ఇంటికే 'అనుమతి లేదు' అని గుర్తు పెట్టాడు. దాన్ని తీసెయ్యడం మరిచిపోయాడు.

స్క్రిప్టు ఆపి, తన వీధి ఫైలు తెరిచాడు. ఇల్లు మళ్లీ గీద్దామంటే ఆ రెండిళ్ల మధ్య గీత పట్టే సందు కూడా లేదు. పాత ఫైలు ఎక్కడా లేదు.

"పాపేదీ?"

"లోపల పడుకోబెట్టే వచ్చానండీ." ఆమె ఏడుస్తోంది. "గోడలోంచి దాని గొంతు వినిపిస్తోంది."

"ఫోను గోడకి ఆనించు."

ఎక్కడో లోతులోంచి పాప పలికింది.

"నాన్నా, ఇక్కడ చాలామంది ఉన్నారు. నువ్వెక్కడని అడుగుతున్నారు."