అరువు ముక్కు

2022 మార్చి 6, ఆదివారం. రాత్రి ఖిచిడీ తిన్నాను. ఉప్పు తెలిసింది, వాసన తెలియలేదు. రెండో వేవ్‌లో కరోనా నా భార్యను తీసుకుపోయింది, నా ముక్కును పనికిరాకుండా చేసింది.

అయిదు రాష్ట్రాల ఎన్నికలయ్యాక పెట్రోల్ ధర పెరుగుతుందని, చవకగా ఉన్నప్పుడే నాలుగు డబ్బాలు నింపి వెనక గదిలో దాచాను. నిప్పురవ్వ భయంతో అక్కడి బల్బు కూడా తీసేశాను. పెట్రోల్ కారినా నాకు తెలియదు కాబట్టి, పక్కింటి సంధ్యారాణి రోజూ పడుకునే ముందు వచ్చి వాసన చూసిపోతుంది. నేను అడగకుండానే మొదలుపెట్టిన సాయం అది.

ఆదివారం కాబట్టి ఆ రాత్రి మా నేతపేట లింబాయత్‌లో మగ్గాలు ఆగి ఉన్నాయి. సంధ్యారాణి వచ్చి వెనక గది తలుపు తెరిచి గుమ్మంలో నిలబడింది.

"నా ముక్కుకు కిరాయి ఎప్పుడిస్తవ్ కాకా?" అని నవ్వుతూ గాలి పీల్చింది. నవ్వు ఆగిపోయింది.

"కారుతోందా?"

"పెట్రోల్ వాసన లేదు. అగ్గిపుల్ల వాసనొస్తుంది. గిప్పుడే గీసినట్టు."

ఇంట్లో నేనొక్కణ్నే ఉంటాను. ఆ గదికి కిటికీ లేదు.

చీకట్లో, డబ్బాల వెనక, అగ్గిపెట్టెలో పుల్లలు కదిలిన చప్పుడైంది.

ఎవరని అడగబోయాను. సంధ్యారాణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిలువకు కాకా," అంది గుసగుసగా. "నీ మొకం చూసెతందుకు ఇంకో పుల్ల గీస్తది."

చప్పుడు కాకుండా తలుపు మూసింది.